కుక్కర్ ఎవరికీ ఇవ్వొద్దు!

పరుగు!

ఓవర్‌బ్రిడ్జి మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది బుల్లి. చంకలో గుడ్డసంచి. సంచిలో కుక్కర్.

అడుగు పడినప్పుడల్లా చీలిన అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.

గుచ్చుకోనీ!

వెనక బూట్ల చప్పుడు...

తిరిగి చూస్తుంది.

గళ్ళ చొక్కా! మెట్ల మీద జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు.

"ఆగమ్మా! ఒక్క నిమిషం ఆగు!"

ఆగుతుందా? చచ్చినా ఆగదు.

మూడు రోజులుగా చూస్తోంది వాణ్ణి. తన టైలరింగ్ షాపు ఎదురుగా కరెంటు స్తంభం పక్కన నిలబడతాడు. టీ తాగడు. ఫోన్ చూడడు. షాపు పక్కనే ఉన్న తమ ఇంటి గుమ్మం వంకే చూస్తుంటాడు. నిన్న గేటు దాకా వచ్చి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, ఎందుకో వెనక్కి వెళ్ళిపోయాడు.

టైం తొమ్మిది యాభై.

పదిన్నరకి కన్స్యూమర్ కోర్టులో కుక్కర్ అప్పజెప్పాలి. ఇవాళే ఆఖరి గడువు. కుక్కర్ లేకపోతే ల్యాబు పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే కేసు లేదు. వదిన ఎడమ కన్ను పోయింది పోయినట్టే!

నాలుగు నెలల క్రితం బంగాళాదుంపలు ఉడకపెట్టింది వదిన. అంతే. మూత ఎగిరి మొహాన్ని కొట్టింది. కన్ను పోయింది. మెడంతా కాలింది. ఆ రోజునుంచి ఆవిడ వంటింటి గడప తొక్కలేదు. గ్లాసు కింద పడితే చాలు, వణికిపోతుంది.

కంపెనీవాళ్ళు ఏమన్నారు? "మీకు వాడటం చేతకాలేదు" అన్నారు. ఆ ముక్క వినగానే బుల్లికి ఒళ్ళు మండింది. కత్తెర పక్కన పడేసి తిన్నగా లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"బిల్లు మా అన్నయ్య పేరు మీదుంది మేడమ్. దెబ్బ తగిలింది వదినకి. కేసు చెల్లుతుందా?"

"బేషుగ్గా! కొన్నవాళ్ళే కాదు, ఆ ఇంట్లో వాడుకునేవాళ్ళూ వినియోగదారులే. తయారుచేసినవాడి మీద వెయ్యొచ్చు, అమ్మిన షాపు మీద వెయ్యొచ్చు. మనం ఇద్దర్నీ కలిపి లాగుదాం. నువ్వంటే నువ్వని తప్పించుకోకుండా! ఆస్పత్రి ఖర్చు, పోయిన జీతం, ఆవిడ పడ్డ నరకం... అన్నిటికీ పరిహారం అడుగుదాం."

"మరి చేతకాలేదు అంటున్నారు కదా?"

"తప్పు తయారీలో ఉందని కుక్కరే చెప్పాలి. అందుకే... కడగొద్దు. బాగుచేయించొద్దు. కొత్తది ఇస్తామంటూ ఎవడొచ్చినా తలుపు తియ్యొద్దు. కుక్కర్ ఎవరికీ ఇవ్వొద్దు!"

పోయినేడు ఇలాంటి కేసే ఒకటి గాల్లో కలిసిపోయిందట. మెకానిక్‌నంటూ ఒకడొచ్చి, "టెస్టింగ్‌కి" అని పేలిన కుక్కర్ పట్టుకుపోయాడట. మళ్ళీ కనపడితే ఒట్టు!

ఇంకేముంది... కుక్కర్ బీరువా ఎక్కింది. పట్టుచీరల మధ్య! తాళం అమ్మ బొడ్లో. సింకులో ఒక్క ఎంగిలి చెంచా ఉంటే నిద్రపట్టని మనిషి అమ్మ. అలాంటిది నాలుగు నెలలు మసి కుక్కర్‌ని బీరువాలో పెట్టుకుని పంటి బిగువున ఊరుకుంది.

బస్సు!

కదులుతున్న బస్సెక్కేస్తుంది బుల్లి. హమ్మయ్య...

వెనక తలుపు దగ్గర ఎవరో కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు.

గళ్ళ చొక్కా!

జనం మధ్యలోంచి ఒక్కో సీటూ పట్టుకుంటూ ముందుకొస్తున్నాడు. నాలుగు సీట్లు... మూడు...

"ఆపండి! దిగాలి!"

"స్టాపు కాదమ్మా ఇది!" అంటాడు డ్రైవరు.

"ఆపకపోతే దూకేస్తా!"

కీచుమంటూ ఆగుతుంది బస్సు. దూకుతుంది. ఎదురుగా ఇరుకు సందు. రెండు వైపులా షట్టర్లు. మనిషన్నవాడు లేడు.

తప్పుచేశానురా దేవుడా!

వెనకనుంచి చెయ్యి... సంచి పిడి పట్టేసుకుంది!

"నా మాట వినమ్మా..."

"వదలరా!"

రెండు చేతులా సంచి ఊపి కొడుతుంది. ఠంగ్! మోకాలి చిప్ప మీద. "అమ్మా!" అంటూ కూలబడతాడు. బుల్లి వెనక్కి చూడదు. చెప్పు ఒకటి ఊడిపోయింది. పోతేపోనీ!

పది ఇరవై అయిదు.

కోర్టు మెట్ల మీద నల్లకోటు. లాయరమ్మ!

"మేడమ్! వెనకాల... వాడు..."

"ముందు లోపలికి పద!"

రికార్డు గది. గుమాస్తా కుక్కర్‌ని అట్టపెట్టెలో పెడతాడు. తాడు కడతాడు. లక్క కరిగించి సీలు వేస్తాడు. రసీదు చింపి బుల్లి చేతిలో పెడతాడు.

అయిపోయింది!

బుల్లి అక్కడే బెంచీ మీద కూలబడి భోరున ఏడుస్తుంది. వదిన కేసు బతికింది!

"ఏడుపెందుకే పిచ్చిదానా, గెలిచేశాం పో!" వీపు నిమురుతుంది లాయరమ్మ.

అప్పుడే తలుపు దగ్గర నీడ.

గళ్ళ చొక్కా! కుంటుకుంటూ లోపలికొస్తున్నాడు.

"వాడే! మేడమ్, వాడే!"

లాయరమ్మ అడ్డం నిలబడుతుంది. "ఎవరు నువ్వు? పోలీసుల్ని పిలవనా?"

"పిలవండి. వాళ్ళక్కూడా చెప్తాను." గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. "ఆ కంపెనీలో తనిఖీ పని నాది. ఈ కుక్కర్ల మీద ఓకే ముద్ర కొట్టింది నేనే."

లాయరమ్మ పెన్ను తీస్తుంది.

"మూత మీద ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. లోపల వేడి మితిమీరితే అది కరిగి ఆవిరిని వదిలెయ్యాలి. ఈ లాటులో, అంటే ఈ విడతలో తయారైనవాటన్నిటికీ, కరగని లోహం వేశారు. విజిల్ వచ్చే రంధ్రం కూడా సరిగ్గా తొలవలేదు. తెలిసే ముద్ర కొట్టాను... కొట్టకపోతే ఉద్యోగం పోతుందన్నారు."

"మూడు రోజులూ మా ఇంటి ముందెందుకు కాపలా కాశావు?" అరుస్తుంది బుల్లి.

"ఏ మొహం పెట్టుకుని తలుపు కొట్టను తల్లీ? ఆవిడ కన్ను పోయింది నా వల్లే కదా! ఇవాళ ఎలాగో ధైర్యం చేస్తే... నువ్వు పరుగందుకున్నావు." కళ్ళు తుడుచుకుంటాడు. "అదంతా తర్వాత. కుక్కర్ అమ్మిన షాపు లెక్కల్లో చూశాను. మీ అన్నయ్య కొన్నరోజు ఆఫరుంది. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. అదీ ఇదే లాటు. రెండోది ఎక్కడుంది?"

బుల్లికి గుర్తొస్తుంది.

అటక మీద! అట్టపెట్టెలో! సీలు కూడా విప్పకుండా!

లాయరమ్మ గబగబా ఫైలు తిప్పుతుంది. బిల్లు అడుగున ఉంది ఆ ముక్క, చీమతలకాయంత అక్షరాల్లో. ఆవిడ కూడా చూడలేదు. నాలుగు నెలలు ఇంటిల్లిపాదీ పేలినదానికి కాపలా కాశారు. పేలనిదాని సంగతి ఒక్కరికీ తట్టలేదు!

ఫోన్. ఇంటికి!

"అమ్మా!"

"ఇచ్చేశావా? ఎవరూ అడ్డం పడలేదు కదా?"

"ఇచ్చేశాను. అమ్మా, అటక మీద కొత్త కుక్కరుంది కదా..."

"ఇంకెక్కడి అటక! పొద్దున్నే దింపేశాగా!" అమ్మ గొంతులో ఎంత సంతోషమో! "నువ్వలా వెళ్ళావో లేదో, మీ వదిన తనంతట తనే లేచింది. 'ఎన్నాళ్ళని భయపడతాను అత్తయ్యా, ఇవాళ నేనే వండుతా' అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయనుకో! పాతగిన్నెల్లో ఎందుకులే, కొత్తది తియ్యమన్నాను."

"విజిల్ వచ్చిందా?"

"అదేంటో, ఎంతసేపైనా రావట్లేదు..."

బుల్లి బెంచీ మీంచి లేచి నిలబడుతుంది.

"నువ్వెక్కడున్నావు?"

"వరండాలో. బట్టలారేస్తున్నా."

"వదినని బయటికి పిలువు! అది పేలిపోతుంది! ఇప్పుడే!"

"అయ్యో! అయ్యో నా తల్లి!"

ఫోన్ గట్టు మీద పెట్టిన చప్పుడు.

"నువ్వు లోపలికెళ్ళొద్దు! అక్కణ్ణుంచే పిలువు! అమ్మా! వింటున్నావా? అమ్మా!"

దూరంగా కాకి అరుపు... ఆరేసిన దుప్పటి గాలికి కొట్టుకుంటున్న చప్పుడు...

ధడేల్!

ఫోన్ చెవికి అతుక్కుపోయింది. లాయరమ్మ ఏదో అడుగుతోంది. ఏమీ వినపడటం లేదు.

ఒక నిమిషం. యుగంలాంటి నిమిషం.

"బుల్లీ..."

వదిన!

"వదినా! బతికున్నావా! నీకేం కాలేదు కదా?"

"విజిల్ రాకపోయేసరికి భయం వేసిందే... స్టవ్వు ఆపడానిక్కూడా చెయ్యి రాలేదు... పెరటి గుమ్మంలోంచి బయటికి పారిపోయాను..."

"మంచి పని చేశావు! నా బంగారు వదినవి! నువ్వు బాగున్నావు, అంతే చాలు!" ఏడుస్తూ నవ్వేస్తోంది బుల్లి. "ఫోన్ అమ్మకివ్వు!"

అటువైపు ఎక్కిళ్ళు...

"అత్తయ్యకి తెలీదే నేను బయటున్నానని... నన్ను వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారే!"