చెత్త మేకప్

ఆరు నలభై!

ఆమె స్కూటర్ యాక్సిలరేటర్ ఇంకా తిప్పుతుంది. ఇంక తిరగదు. ఆ బండి పోయేదే అంత.

చీకటి పడిపోయింది. ఆఫీసులు వదిలారు. రోడ్డు పొడుగునా ఎర్ర లైట్లు... బస్సుకీ కారుకీ మధ్య సందు. అందులోకి దూరుతుంది.

"కళ్ళు కనపడట్లేదా!" బస్సు డ్రైవర్ అరుస్తాడు.

కనపడలేదు. మధ్యాహ్నం మూడింటికి కళ్ళెదురుగా పెట్టినా కనపడలేదు. అందుకే ఇప్పుడీ పరుగు.

మెడలో వేలాడే పర్సు ఒక చేత్తో తడుముకుంటుంది. ఉంది. మెమరీ కార్డు ఉంది.

ఏడింటి లోపల ఈ కార్డు వాళ్ళ చేతిలో పడాలి. లేకపోతే తమ్ముడు దక్కడు.

ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మ పోయాక చంకనేసుకుని తిప్పిన తమ్ముడు.

ఇరవై నిమిషాలు... దేవుడా, ఒక్క ఇరవై నిమిషాలు!

సినిమావాళ్ళందరికీ ఆమె గాయాలక్క. అసలు పేరు పే-స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనపడదు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కత్తిపోటు, కాలిన చర్మం, పగిలిన తల... ఏది కావాలన్నా అరగంట. చక్కెర పాకం, ఎర్ర రంగు, చిటికెడు కాఫీ పొడి. అదీ ఆమె రక్తం. థియేటర్లో జనం మొహాలు తిప్పుకున్నారని తెలిస్తే ఆ పూట కడుపు నిండిపోయేది.

డైరెక్టర్లందరిదీ ఒకటే పాట. "రియలిస్టిక్‌గా ఉండాలక్కా!"

సిగ్నల్ పడింది.

ఆగదు!

వెనక నుంచి విజిల్. ఆగదు.

మధ్యాహ్నం మూడింటికి మేకప్ రూమ్ తలుపు ధడాలున తెరుచుకుంది. ముందు మరదలు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. వెనక ఇన్‌స్పెక్టర్.

"వదినా... ఆయన్ని ఎత్తుకుపోయారు!"

ఫోన్ చేతిలో పెట్టింది. నలభై సెకన్ల వీడియో. కుర్చీకి కట్టేసిన తమ్ముడు. మొహమంతా రక్తం. కెమెరా వెనక నుంచి ఎవడిదో గొంతు... "ఏడింటికల్లా ఆ కార్డు రెడీగా పెట్టుకో. ఎక్కడికి తేవాలో అప్పుడు చెబుతాం. పోలీసుల వాసన తగిలిందా... నీ మొగుడి మీద ఆశ వదులుకో."

తమ్ముడు అసిస్టెంట్ కెమెరామన్. నాలుగు రోజుల క్రితం మేడ మీద నుంచి సూర్యాస్తమయం తీస్తుంటే, ఎదుటి బిల్డింగ్ మీద ఒక కాంట్రాక్టర్ తన పార్ట్‌నర్‌ని కిందికి తోసెయ్యడం కెమెరాలో పడిందట. వాడు ఆ కెమెరాని చూసేశాడట. కార్డు తెచ్చి పెళ్ళాం చేతికిచ్చాడట. ఈరోజు పొద్దున్న డ్యూటీకని వెళ్ళి మళ్ళీ ఫోన్ ఎత్తలేదట.

"ఆ కార్డు మా కంప్యూటర్లో తెరుచుకోవట్లేదు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సినిమావాళ్ళ ఫ్యామిలీ కదా, అందుకే మీ దగ్గరికొచ్చాను. సూటిగా చెప్పండి. ఇది నిజమా, మేకప్పా? నిజమంటే ఇప్పుడే రెండు జీపులు కదులుతాయి."

ఆమె వీడియో చూసింది.

గుండె జారలేదు. ఒళ్ళు మండింది!

ఎందుకంటే... రెండేళ్ళ క్రితం ఇలాగే ఒక ఫోటో వచ్చింది. తమ్ముడి కడుపులో కత్తి. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. మెట్ల మీద పడింది, లేచింది, మళ్ళీ పరిగెత్తింది. తీరా వెళితే వాడు నవ్వుతూ నిలబడ్డాడు. కత్తి ఆమె పెట్టెలోదే. రక్తం ఆమె సీసాలోదే. బీరువా మీద దాచిన కెమెరా ఆమె ఏడుపంతా తీసేసింది.

"రియాక్షన్ అదిరిందక్కా! ఎంత రియలిస్టిక్‌గా వచ్చిందో చూడు!"

చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాత ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది.

అందుకే మధ్యాహ్నం వీడియోని అక్కగా చూడలేదు. గాయాలక్కగా చూసింది.

"మేకప్పే," అంది. "పైగా చెత్త మేకప్."

"వదినా, సరిగ్గా చూడండి..."

"నా పని నాకు తెలీదా? చూడు, రక్తం రంగే కుదరలేదు, ఇటుక పొడి కలిపినట్టుంది. వాపు ఒక్కవైపే పెట్టాడు, రెండోవైపు బద్ధకమేసింది. ఇంక ఆ గోడ చూడండి సార్. ఇటుకలనుకుంటున్నారా? థర్మకోల్! పాత స్టూడియోలో జైలు సెట్టు. నేనక్కడ ముప్పై సార్లు పనిచేశాను. వీడు మళ్ళీ ఏదో షార్ట్ ఫిలిం తీస్తున్నాడు. ఎక్కడో కెమెరా పెట్టి మన మొహాలు తీస్తూనే ఉంటాడు."

గది నాలుగు మూలలా చూసి గట్టిగా అంది కూడా. "ఒరేయ్, ఈసారి ఏడవను!"

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "నాన్నా పులి కథన్నమాట." ఫోన్ తీశాడు. "జీపులు వద్దు. వెనక్కి పొమ్మను. ఆ మీటింగ్ బందోబస్తు చూసుకోమను."

మరదలు కార్డు ఆమె చేతిలో పెట్టింది. "మీరు చెప్పారు కాబట్టి ప్రాణం కుదుటపడింది వదినా. మీరే దీన్ని ఆయన మొహాన కొట్టండి." కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల నవ్వింది కూడా...



ఆరు నలభై ఎనిమిది!

ఫ్లైఓవర్ దిగుతుంది. కుడికి తిరగాలి. లారీ అడ్డం.

"జరగవయ్యా బాబూ! నీకు దణ్ణం పెడతా, జరుగు!"

ఆరుంపావు దాకా ఆమెకి చీమ కుట్టినట్టు కూడా లేదు. బ్రష్షులు కడుక్కుంది. టీ తాగింది. తమ్ముడికి బాగా గడ్డిపెడదామని, వాడి మేకప్‌లో తప్పులు ఏరడానికి, మరదలి ఫోన్ నుంచి పంపించుకున్న వీడియో మళ్ళీ పెట్టింది. వాయిస్ మెసేజ్ మొదలుపెట్టింది.

"ఒరేయ్, తప్పు నంబర్ ఒకటి. రక్తం. తప్పు నంబర్ రెండు. వాపు. మూడు..."

వీడియోలో ఎవడో టార్చ్ వేశాడు. వెలుతురు తమ్ముడి కళ్ళలో పడింది.

కుడికంటి పాప చిన్నదైంది.

ఎడమది కాలేదు.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ. మళ్ళీ!

కుడిది చిన్నదవుతోంది. ఎడమది పెద్దగా తెరుచుకునే ఉంది. వెలుతురుకి కదలడం లేదు.

లెన్సు పెట్టి చెయ్యలేరు. రంగుతో చెయ్యలేరు. ఆమె వల్ల కాదు, ఈ భూమ్మీద ఏ మేకప్ వల్లా కాదు. ఒక హాస్పిటల్ సీనుకి సలహా చెప్పడానికొచ్చిన డాక్టర్ ఎప్పుడో అన్నాడు... తలలోపల రక్తం కారితే ఒక కన్ను ఇలా అయిపోతుందని.

వాయిస్ మెసేజ్ ఆపేసింది.

తప్పులు కావు. ఆమె ఏరిన ప్రతి తప్పూ నిజం!

నిజం రక్తం ఆ రంగులోనే ఎండుతుంది. నిజం దెబ్బ ఒక్కవైపే వాస్తుంది. ఇది ఆమెకి తెలియనిది కాదు. పనిలో చేరిన కొత్తలో రోడ్డు మీద ఒక యాక్సిడెంట్ చూసి, అచ్చం అలాంటి గాయమే ఒక ఆర్టిస్టుకి వేసింది. డైరెక్టర్ పెదవి విరిచాడు. "ఇది నిజంలా లేదమ్మా. ఇంకాస్త ఎరుపు పొయ్యి." పోసింది. ఇరవై ఆరేళ్ళు పోస్తూనే ఉంది. ఆఖరికి ఆ ఎరుపే నిజమని తనే నమ్మేసింది.

ఇన్‌స్పెక్టర్‌కి పదకొండు సార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది. "సార్, నేను పొరపాటు చెప్పాను. అది నిజం. పాత స్టూడియో, జైలు సెట్టు. చప్పుడు చెయ్యకుండా రండి సార్... మీ కాళ్ళు పట్టుకుంటా, చప్పుడు చెయ్యకుండా!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆమె జార్చిన మాట మూడు గంటలు నడిచిపోయింది.

ఆరు యాభై నాలుగు. స్టూడియో గేటు!

వాచ్‌మన్ అడ్డం వస్తాడు. తెలిసినవాడే.

"ఇప్పుడు లోపలికి పోకూడదక్కా. షూటింగ్ జరుగుతోంది."

"ఎవరిది?"

"ఎవరో కొత్తవాళ్ళు. పొద్దున్నే అద్దెకి తీసుకున్నారు. కానీ ఆ ఆర్టిస్టు ఎవడో గానీ అక్కా... ఏం అరుస్తున్నాడు! పగలంతా ఒకటే అరుపులు. క్యాంటీన్ వాళ్ళు, నేను, అందరం ఇక్కడే నిలబడి విన్నాం. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వీడికి అవార్డు ఖాయమనుకున్నాం."



పగలంతా అరిచాడు. పదిమంది విన్నారు. ఒక్కడూ తలుపు తట్టలేదు. ఎవర్నని ఏం లాభం? సొంత అక్కే తట్టలేదు.

"ఇప్పుడు?" అడుగుతుంది. "ఇప్పుడు అరుస్తున్నాడా?"

"లేదక్కా. ఒక గంట నుంచి సైలెంట్. ప్యాకప్ అయ్యుంటుంది."

వాణ్ణి తోసేస్తుంది. పరుగు!

మొదటి షూటింగ్ ఫ్లోర్ షెడ్డు దాటింది. విరిగిన ట్రాలీలు, కుప్పపోసిన చెక్కలు. మోకాలికి మేకు గీసుకుంది. ఆగదు. పర్సులోంచి తీసిన కార్డు ఒక చేతిలో.

అదిగో! జైలు సెట్టున్న పాత ఫ్లోర్. తలుపు సందులోంచి పసుపు వెలుతురు.

యాభై అడుగులు...

"తెచ్చాను!" అరుస్తుంది. "కార్డు తెచ్చాను! వాణ్ణేం చెయ్యకండి! నేనొక్కదాన్నే వచ్చాను!"

తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది. ఒక నీడ బయటికి తొంగిచూస్తుంది. చెయ్యి చాపి, రమ్మన్నట్టు ఊపుతుంది.

దక్కాడు... తమ్ముడు దక్కాడు!

రెండో చేతిలో ఫోన్ మోగుతుంది. ఇన్‌స్పెక్టరేమో! చూడకుండానే నొక్కుతుంది.

"వదినా!" మరదలు. గొంతు హుషారుగా ఉంది. "ఏడు కావస్తోంది. ఇంకా వాళ్ళ ఫోన్ రాలేదు. ఆయన మీ దగ్గరే ఉన్నాడు కదూ? ఇద్దరూ కలిసి నన్ను..."

అప్పుడు వినిపిస్తుంది.

దూరంగా. దగ్గరగా. ఇంకా దగ్గరగా.

సైరన్!

ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. సినిమాల్లో పోలీసులు వచ్చినట్టే, ఊరంతా వినపడేలా వస్తున్నాడు.

"వద్దు!" ఆమె గేటు వైపు తిరిగి రెండు చేతులూ ఊపుతుంది. "ఆపండి! ఆ సైరన్ ఆపండి!"

వెనక్కి తిరిగేసరికి తలుపులో నీడ లేదు.

పసుపు వెలుతురు ఆరిపోతుంది.

టప్!

తుపాకీ. చిన్న చప్పుడు. సినిమాలో దాన్ని పదింతలు పెంచుతారు. ఇది ఎక్కడో తలుపు వేసినట్టు ఉంది, అంతే.

 ఇద్దరు మనుషులు తలుపు తోసుకుని బయటపడి, ఆమెని రాసుకుంటూ చీకట్లోకి పరిగెడతారు. కార్డు వైపైనా చూడరు. గేటు వైపు నుంచి పడే జీపు లైట్లలో, తెరిచిన తలుపులోంచి పడిపోయిన కుర్చీ కనపడుతుంది. కుర్చీతోపాటు పడిన చెయ్యి కనపడుతుంది. అది కదలడం లేదు.

"వదినా? ఏంటా సౌండ్? షూటింగ్‌లో ఉన్నారా?"

ఆమె ఆ కుర్చీ వైపు నడుస్తుంది.

"వదినా... భయపెట్టకండి. షూటింగే కదా? మధ్యాహ్నం మీరే చెప్పారుగా."

మధ్యాహ్నం ఒక్క నిమిషంలో చెప్పేసింది. ఇప్పుడు నోరు పెగలడానికి ఎంతసేపు పడుతుందో!

"చెప్పండి వదినా. మీరు చెబితే నమ్ముతాను."

"కాదమ్మా..." అంటుంది. "ఇది షూటింగ్ కాదు."