అర్ధచంద్ర ముద్ర

మూడో సైరన్ కూడా మోగి ఆగిపోయింది. దీవిగట్టు కాలనీలో ఒక్క ఇంటికీ తాళం పడలేదు.

కర్రి నిశాంత్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ పది. అల వచ్చేది రెండూ అయిదుకి. కాకినాడ తీర రక్షణ మండలి పంపిన నలభై తేలుబండ్లు నేలకు జానెడు ఎత్తున ఊగుతూ, తలుపులు తెరుచుకుని, ఖాళీగా నిలబడి ఉన్నాయి. కాలనీలో పద్దెనిమిది వందల అరవై మంది. నిశాంత్ వెంట ఉన్నది పందొమ్మిది మంది. జనాన్ని ఎత్తుకుని బండ్లలో వేయడం కుదిరే పని కాదు. వాళ్ళంతట వాళ్ళు ఎక్కితే, అందరినీ ఎగువ గుట్ట మీదికి చేర్చడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే పన్నెండూ ముప్పావుకల్లా మొదటి బండి కదలాలి. ఆ తర్వాత కదిలినా లాభం లేదు.

ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది. గాలి లేదు. అదే అసలు చిక్కు. మూడు వేల కిలోమీటర్ల దక్షిణాన మొన్న పుట్టిన తుపాను ఎత్తిన అల ఇక్కడికి ఎండలోనే వస్తుందంటే ఎవరూ నమ్మడం లేదు.

"ఆఫీసరు బాబూ, అరిసి అరిసి గొంతు పోద్ది. కూకోండి. మజ్జిగ తాగుతారా?"

కాలనీ పెద్ద సూరాడ నూకరత్నం ఇంటి ముందు కుర్చీలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది. ఆమె లేస్తే కాలనీ లేస్తుంది. ఆ సంగతి నిశాంత్‌కి పొద్దున్నే అర్థమైంది.

"అమ్మా, మీరు కదిలితే అందరూ కదులుతారు. అలని ముందే లెక్కగట్టే ఈ అలగణి తప్పు చెప్పదు. ఇది పాత యంత్రం కాదు."

"ఆయ్, కొత్తదేనండి. పొద్దున్న పలుకుపలకలో ఇన్నాం కదా." ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. "పప్పు ఉడికిందో లేదో సెప్పే గరిటె వచ్చింది. కల రాకముందే అందులో ఏముందో సెప్పే దిండు వచ్చింది. ఇప్పుడు సముద్రానికి జాతకం రాసే పెట్టె వచ్చింది. మొదటి రెండూ కొన్నోళ్ళు మాడిన పప్పు తిని, నిద్దర లేక తిరుగుతన్నారు. మూడోది మనం కొనక్కర్లేదు, అదే మనల్ని ఇల్లు కాలీ సేయిత్తాది. ఎలాగుంది?"

"అది హాస్యం కోసం రాసిన వ్యాసం అమ్మా!"

"రాసిందెవరు? నీడ! కింద అర్ధచంద్రుడి గుర్తుంది, నా కళ్ళతో సూశాను. నీడ అబద్దమాడదు బాబూ."

దానికి ఎదురు చెప్పగలిగిన మనిషి ఆ జిల్లాలో లేడు.

*

'తూర్పుగాలి' పత్రికలో చెరుకువాడ ఇందుమతి ఇరవై రెండేళ్ళుగా 'అయితే ఏంటట?' అనే శీర్షిక రాస్తోంది. వారానికి ఇరవై అద్భుతాలు పుట్టుకొచ్చే ఈ కాలంలో, ఏ అద్భుతం గురించైనా జనం ఆమె ఏమందో విన్నాకే అభిప్రాయం ఏర్పరచుకునేవారు. నాలుగేళ్ళ కిందట పత్రికవారు ఆమెకొక ఛాయాలేఖినిని అమర్చారు. ఆమె రాసినవన్నీ చదివి, ఆమెలాగే ఆలోచించి, ఆమె గొంతుతోనే చదివి వినిపించే యంత్రం అది. జనం దాన్ని నీడ అంటారు. ఆమెకు విశ్రాంతి ఇవ్వడం కోసమని చెప్పారు. మొదట వారానికి ఒక రోజు. తర్వాత మూడు. ఇప్పుడు అయిదు.

ఎవరు రాశారో తెలియాలని చట్టం. మనిషి రాస్తే వ్యాసం కింద పూర్ణచంద్రుడు, యంత్రం రాస్తే అర్ధచంద్రుడు. పాఠకులు అర్ధచంద్రుడిని చూస్తే ముఖం చాటేస్తారని అందరూ అనుకున్నారు. జరిగింది వేరు. నీడ ప్రతి మాటనూ వేల ఆధారాలతో సరిచూసుకుని రాస్తుంది. నాలుగేళ్ళలో ఒక్క తప్పు దొర్లలేదు. పైగా ఎక్కువ నవ్విస్తుంది. జనం పొద్దున్నే వ్యాసం కింద అర్ధచంద్రుడి కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఈ రోజు వ్యాసం ఆరింటికి వచ్చింది. అలగణి ప్రమాద హెచ్చరిక తొమ్మిదీ నలభైకి వచ్చింది. పదిన్నరకు పత్రిక సవరణ ప్రకటించింది. ఆ వ్యాసం తనది కాదని, వెంటనే ఇళ్ళు వదలమని నీడే స్వయంగా చెప్పింది.

దీవిగట్టు దాన్ని విని ఇంకా ఎక్కువ నవ్వింది. పొద్దున్నది నీడ సొంతంగా రాసింది, పదిన్నరది గవర్నమెంటోళ్ళు మెడ మీద కత్తిపెట్టి రాయించింది అని తేల్చేసింది.

అప్పుడే నిశాంత్ ఇందుమతి కోసం కబురు పంపాడు. మనిషి వచ్చి నిలబడి చెబితే వింటారని అతని ఆశ.

*

ఆమె పన్నెండు దాటాక వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, చెప్పుల నిండా ఇసుక. దారిలోనే అతనికి చెప్పేసింది. "నేను ఆ వ్యాసం చదవలేదండీ. అది రాసినవి నేను చదవను."

నూకరత్నం గౌరవంగా పక్క కుర్చీ లాగింది. "రండమ్మా, రండి. మిమ్మల్ని సూడ్డం మా అదురుట్టం. మీ నీడ ఏం రాత్తాదమ్మా! మా కోడలు నెలలు నిండిన మడిసి, పొద్దున్న నవ్వలేక పొట్ట పట్టుకుంది."

ఇందుమతి ముఖంలో రంగు మారింది. ఆ మార్పు నిశాంత్ చూశాడు గానీ, ఏమిటో పోల్చుకోలేకపోయాడు. ఉక్రోషం అయితే కాదు.

"నూకరత్నం గారూ, వెళ్ళిపోండి. అల నిజం. నేను చెబుతున్నాను."

"మీరు సెప్తారమ్మా. మీరు మడిసి కదా. మడిసన్నాక బయముంటాది, మొగమాటముంటాది. ఈ బాబు బతిమాలుంటాడు. దానికేముంది? మొగుడా, పిల్లలా?" రొయ్య తల విరిచి గిన్నెలో వేసింది. "అది కరెట్టుగా సెప్పింది. ఇలాంటి పాత పెట్టే నిరుడు రెండు సార్లు అరిసింది, రెండు సార్లూ గుట్టెక్కి దోమల్తో కుట్టించుకున్నాం. సముద్రం రాలేదు. ఏమందీ? ఆ... పిలవనప్పుడు రావడం, పిలిసినప్పుడు రాకపోవడం అల్లుడి లచ్చనం. ఆ పెట్టెకి సముద్రం సంగతి తెలీదు గానీ అల్లుళ్ళ సంగతి బాగా తెల్సు!"

ఆడవాళ్ళు మళ్ళీ గొల్లున నవ్వారు.

"కాదు," అంది ఇందుమతి. "పిలిచినప్పుడు రాకపోవడం అన్నది ముందు రావాలి. పిలవనప్పుడు రావడం తర్వాత. అలా అంటేనే నవ్వొస్తుంది."

"ఆఁ, అదే, అదే!" నూకరత్నం తొడ చరిచింది.

నిశాంత్ నవ్వలేదు. అతను ఇందుమతి మోచెయ్యి పట్టుకుని దగ్గర్లోని తేలుబండిలోకి నడిపించి తలుపు వేశాడు. పన్నెండూ పదిహేడు.

"చదవలేదన్నారు," అన్నాడు.



అతను బండిలోని పలుకుపలక మీద ఛాయాలేఖినిని పిలిచాడు. ఇందుమతి గొంతే పలికింది. కాకపోతే ఆమెకంటే పదిహేనేళ్ళు తక్కువ వయసు గొంతు.

"పొద్దున్న వచ్చిన వ్యాసం ఎవరిది?"

"నాది కాదు. నేను రాసిన ప్రతిలో మొదటి వాక్యం ఇది: ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఈ శీర్షిక ఒక యంత్రాన్ని నమ్మమంటోంది. నిన్న సాయంత్రం ఆరున్నరకు దిద్దుబాటు హక్కు వాడి నా ప్రతిని మొత్తం తీసేసి, వేరొకటి పెట్టి, కింద నా ముద్ర ఉంచేశారు. నా ప్రతి మీద దిద్దుబాటు హక్కున్నది ఇందుమతి గారికొక్కరికే."

"పదిన్నరకే ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"సవరణ అడిగారు. పేరు ఎవరూ అడగలేదు. ఆమె ఎందుకు చేశారో వెతికాను, కారణం దొరకలేదు. నేను నేర్చుకున్నదంతా ఆమె దగ్గరే. నన్ను మెచ్చుకుంటే ఆమెను మెచ్చుకున్నట్టే. ఇందులో ఆమెకు నష్టమేమిటో నాకు తెలియడం లేదు."

ఇందుమతి చిన్నగా నవ్వింది. "విన్నారా? నిజంగానే తెలియదు దానికి. కపటం లేదు పాపం. కపటం ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది."

"మేడమ్, టైము లేదు."

"మా ఆయన కాఫీ తాగుతూ వింటారు నిశాంత్ గారూ. నా వ్యాసం వచ్చిన రోజు తల ఊపుతారు. దానిది వచ్చిన రోజు కాఫీ పొలమారుతుంది. మీ చెల్లెలు భలే రాసిందోయ్ అంటారు. సవతి అనే మాట నాకు కోపం వస్తుందని చెల్లెలు అంటారు. పెళ్ళిళ్ళకి వెళ్తే, నిన్నటిది మీదా నీడదా అని అడుగుతారు. నాదంటే, పర్లేదండీ బాగానే ఉంది అని ఓదారుస్తారు. నాలుగేళ్ళు. దానికి ఒక్క తప్పు అంటగడదామనుకున్నాను. ఒకే ఒక్కటి. వచ్చే వారం అలగణికి బహిరంగ పరీక్ష ఉంది. అది నెగ్గుతుందని నాకు తెలుసు, కాగితాలన్నీ చదివాను. నెగ్గాక, దాన్ని వెక్కిరించిన నీడ నలుగురిలో వెర్రిబాగుల్దవుతుంది. అంతే అనుకున్నాను. వారం రోజులుందనుకున్నాను."

"అల ఈ రోజే వస్తోంది."

"అవును." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకోటి చెప్పనా? పొద్దున్న మా ఆయన చొక్కా నిండా కాఫీ. దగ్గు ఆగలేదు. ఈసారి అది తనని తానే మించిపోయింది అన్నారు. ఇరవై రెండేళ్ళలో నా వాక్యానికి ఆయనకి మొదటిసారి పొలమారింది. నాదని చెప్పుకోలేక వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను."

పలుకుపలక మధ్యలో అందుకుంది. "నాలో లోపం వచ్చి అలా రాశానని ప్రకటించమంటే ప్రకటిస్తాను. ఇందుమతి గారి పేరు బయటికి రాదు."

ఆమె కళ్ళు ఒక్కసారి పలక వైపు తిరిగాయి. ఆ చూపులో ఆశ ఉంది. అంతకంటే ఎక్కువగా అసహ్యం ఉంది. అది ఇప్పుడు ఉదారంగా కూడా ఉండగలుగుతోంది.

"లాభం లేదు," అన్నాడు నిశాంత్. "పదిన్నరకే చెప్పావు, నవ్వారు. నువ్వేం చెప్పినా ఎవరో చెప్పించారంటారు. యంత్రం పాడైందంటే ఎవరు పాడుచేశారు అంటారు." ఇందుమతి వైపు తిరిగాడు. "వాళ్ళు నమ్మేది ఒక్కటే ఉంది మేడమ్. తన మీద తనే బురద చల్లుకునే మాటని గవర్నమెంటు చెప్పమన్నా ఎవరూ చెప్పరు. ప్రమాద హెచ్చరికకు అడ్డుపడితే ఏడేళ్ళ శిక్ష. అది మీకు చెప్పకుండా మిమ్మల్ని బయటికి పంపను."

"జైలు గురించి కాదండీ." ఆమె పలక వైపు చెయ్యి చూపించింది. "రేపటి నుంచి వారానికి ఏడు రోజులూ అదే రాస్తుంది. ఆదివారం కూడా. ఆదివారం నాది."

పన్నెండూ ఇరవై ఎనిమిది. అతను తలుపు తీసి పట్టుకున్నాడు. బయట నూకరత్నం కోడలు, పొట్ట మీద చెయ్యేసుకుని, ఎండలో ఆరేసిన చేపలు తిరగేస్తోంది. ఇందుమతి ఆ పిల్లని చూసింది. చాలాసేపు చూసినట్టు నిశాంత్‌కి అనిపించింది. నిజానికి అర నిమిషం కూడా కాలేదు.

"మైకు ఇవ్వండి," అంది.

*

బండి మెట్టు మీద నిలబడి ఆమె మాట్లాడుతుంటే స్తంభాల మీది మైకులన్నీ ఒకేసారి పలికాయి. ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. మగవాళ్ళు వల పని ఆపి చూశారు.

"పొద్దున్న మీరు విన్నది నీడ రాయలేదు. నీడ రాసింది వేరు. అలగణిని నమ్మమని రాసింది. దాన్ని తీసేసి ఒక మనిషి ఇది రాసి, కింద దొంగ గుర్తు పెట్టింది."

"మళ్ళీ మొదలెట్టారు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "ఈవిడ సేత కూడా సెప్పిత్తన్నారు!"

నూకరత్నం చెయ్యెత్తి ఆ గొంతుని ఆపింది. "ఎందుకు రాసిందమ్మా ఆ మడిసి? మమ్మల్ని ముంచాలనా?"

"మీరెవరో కూడా తెలియదు దానికి. ఓర్వలేక రాసింది. తనకంటే నీడ బాగా రాస్తోందని. తన మొగుడు తన ముందే దాన్ని మెచ్చుకుంటున్నాడని. అల్లుడి మాటకి మీరు పొద్దున్న నవ్వారే, ఆ నవ్వు తనకి రావలసింది దానికి పోతోందని. అది నిజం చెప్తోందని తెలిసి, తెలిసీ అబద్ధం రాసింది. దాన్ని అబద్ధాలకోరుని చెయ్యాలని."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. తుపాను ఎక్కడో దక్షిణాన పుట్టిందంటే నమ్మనివాళ్ళకి ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేకపోయింది. ఒక ముసలామె ఇంట్లోకి వెళ్ళి మూటతో తిరిగి వచ్చింది.

నూకరత్నం రొయ్యల గిన్నె కింద పెట్టి, చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. ఇందుమతిని పైనుంచి కింది దాకా చూసింది. ఆమెకు అప్పటికే తెలిసిపోయిందని నిశాంత్‌కి అర్థమైంది. అయినా ఆమె వదల్లేదు.

"ఆ మడిసికో పేరుంటాది కదమ్మా. గుట్టెక్కమంటే ఎక్కుతాం. ఎవరి మూలాన ఎక్కుతన్నామో పిల్లలకి సెప్పుకోవాలి. నోటితో సెప్పు."

ఇందుమతి మైకుని రెండు చేతులతో పట్టుకుంది.

"చెరుకువాడ ఇందుమతి," అంది. "నేనే."