రెండో ఏడుపు

సుగుణమ్మతో ఆ ఇంటికున్న ఇబ్బంది ఒక్కటే. ఆమె తప్పు చేయదు. పాలు విరిగితే తప్పు పాలది. వాన ఆలస్యమైతే తప్పు వానది. ఒకసారి పప్పులో రెండుమార్లు ఉప్పు పడితే, ఈసారి వచ్చిన ఉప్పే మంచిది కాదని తేల్చి, ఆ ఉప్పును దుకాణానికి తెచ్చిన కొడుకును నాలుగు మాటలన్నది. చీపురు నిలబెట్టే చోటు నుంచి పెళ్ళి ముహూర్తం దాకా ఆమె మాటే నెగ్గేది. అట్లాంటి మనిషి ఏడాదికి ఒక్కసారైనా ఓడిపోతే ఇంట్లో వాళ్ళకు కాస్త గాలి ఆడేది. ఆమెకు ఆ దయ లేదు.

ఆ శనివారం పొద్దున కూడా సుగుణమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ, దుకాణం తలుపులు తీయబోతున్న కొడుకును నిలబెట్టింది.

“ముకుందం, ఆ దవాఖాన నర్సమ్మ వచ్చి ఎన్ని రోజులాయె?”

“మూడు వారాలమ్మా.”

“ఇన్ని రోజుల సంది ఏం చేసింది?”

ముకుందం ఆలోచించాడు. “కూసున్నది.”

“నేను గూడ అదే చూసిన. కోడలు గోడను చూస్తె తాను గోడను చూస్తది. కోడలు చింతపండు గింజలు తీస్తె తాను తీస్తది. మందు లేదు, మంత్రం లేదు. కూసునుటానికి గూడ చదువు ఉంటదా?”

“ఉంటదట. బెంగుళూరుల నేర్చుకున్నదట.”

“నువ్వు బెంగుళూరు పోకుండనే నేర్చుకున్నవు గద” అని సుగుణమ్మ మళ్ళీ చేట అందుకుంది.

చేవెళ్ళ బజారులో వాళ్ళది ధాన్యం దుకాణం. ముందు దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. పెరటి గోడకు అవతల అంతమ్మ గుడిసె. ముకుందం భార్య కన్యకది మొయినాబాదు. తొలి కాన్పుకు పుట్టింటికి పోవలసింది గానీ, ఎనిమిదో నెలలోనే నొప్పులు రావడంతో కొడుకు అత్తవారింట్లోనే పుట్టాడు. ఆ తర్వాత కన్యకకు నిద్ర కరువైంది. వారం రోజులు కన్ను మూయలేదు. ఎవరూ అడగని వాటికి జవాబులు చెప్పేది. పన్నెండో రోజు తెల్లవారుతుండగా పిల్లవాణ్ణి చేతుల్లో పట్టుకొని, పెరటి బావి గట్టు మీద నిలబడి లోపలికి చూస్తూ కనిపించింది. చూసింది సుగుణమ్మే. ఆమె అరవలేదు. వెనక నుంచి వెళ్ళి ఇద్దరినీ ఒక్కసారే చుట్టి పట్టుకొని కిందికి లాగింది. అప్పుడు మోచేయి రాతికి గీసుకుపోయిన మచ్చ ఇంకా పోలేదు.

ఆ రోజే కన్యకను వెనక గదిలో పెట్టి తాళం వేశారు. మొదటి రెండు రోజులు చేతులు పాత ధోవతితో మంచానికి కట్టారు. పిల్లవాణ్ణి మొయినాబాదులో అమ్మమ్మ శారదాదేవి దగ్గరికి పంపామని చెప్పారు. వైద్యుడి చూర్ణాలు అయ్యాయి, తాయెత్తులు అయ్యాయి. నెల గడిచింది. ఇక పట్నంలోని పిచ్చి దవాఖానే గతి అని సుగుణమ్మ అన్నాక, ముకుందం చెప్పకుండా మొయినాబాదు పోయి నర్సు శాంతమ్మను రమ్మని అడిగి వచ్చాడు. తల్లితో చెప్పకుండా అతను చేసిన పని పుట్టి బుద్ధెరిగాక అదొక్కటే.

శాంతమ్మకు నలభై దాటాయి. మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చి, తర్వాత బెంగుళూరులో మనోవ్యాధుల దవాఖానలో నాలుగేళ్ళు చేసి, తండ్రి స్వామిదాసు మంచాన పడితే సొంతూరికి తిరిగొచ్చింది. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సు బొగ్గుల మీద నడిచేది, లేదా నడిచేది కాదు. ఆ బస్సులోంచి ముఖం నిండా మసితో దిగి ఆమె అడిగిన మొదటి మాట, “గది తాళంచెవి ఎవరి దగ్గరున్నది?”

“నా దగ్గర” అన్నది సుగుణమ్మ, నడుముకున్న గుత్తి మీద చేయి వేసి.

“తాళం తీసేస్తెనే నేనుంట. తాళం బదులు మనిషి ఉంటది. నేను, నేను లేనప్పుడు మీరు. ఒంటిగ మాత్రం వదలొద్దు. బావి మీద బరువైన మూత ఏపియ్యుండ్రి.”

బావికి మూత పడింది. గదికి తాళం ఊడింది. నర్సుకు వేరే గ్లాసు, వేరే కంచం, వంటింటి గడపకు ఇవతల పీట ఏర్పాటయ్యాయి. శాంతమ్మ ఆ పీట మీద రాణిలా కూర్చునేది. సుగుణమ్మకు అది కూడా నచ్చలేదు.

ఒక రోజు ఉండబట్టలేక అడిగింది. “మీ పిచ్చి దవాఖానలల్ల తాళాలే ఉండవా?”

“ఉంటయమ్మా. మా పెద్ద నర్సమ్మ చెప్పేది, పూర్వం ఈ పనికి నర్సులే లేరట. కావలోళ్ళు ఉండెటోళ్ళట. నడుముకు తాళంచెవుల గుత్తి, చేతిల కట్టె. రోగులను గొలుసులతోని కట్టెటోళ్ళు. తర్వాత ఎవరికో తోచింది, వీళ్ళు నేరం చేసినోళ్ళు గాదు, జబ్బు పడ్డోళ్ళు అని. గొలుసులు ఇప్పిన్రు. ఇప్పినంక ఊకె వదిలిపెడితె ఎట్ల, పక్కన ఒక మనిషి ఉండాలె గద. అట్ల పుట్టింది మా పని.”

సుగుణమ్మ కొంగు లాగి నడుముకున్న గుత్తిని కప్పుకుంది. ఎండాకాలంలో ఆమెకు ఎందుకో చలి వేసినట్టుంది.

శాంతమ్మ పద్ధతుల్లో అన్నిటికన్నా పెద్ద వింత తూకం. ప్రతి శుక్రవారం కన్యకను, దుకాణంలో బస్తాలు తూచే పెద్ద తరాజులో కూర్చోబెట్టి తూచేది. ఇంటి కోడలిని కందుల్లాగా తూస్తారా అని సుగుణమ్మ మండిపడింది. మూడో శుక్రవారానికి రెండు శేర్లు పెరిగిందని తేలితే, “రాళ్ళు అరిగినయేమో” అన్నది. తమ దుకాణం రాళ్ళు అరిగాయని తల్లి నోట వినడం ముకుందానికి అదే మొదటిసారి.

ఆ శనివారం కన్యక, శాంతమ్మ వెనక గదిలో చింతపండు ముందేసుకొని కూర్చున్నారు. కన్యక చేతులు ఆగిపోయాయి.

“అక్కా, మళ్ళ ఏడుస్తున్నడు.”

“ఎవరు?”

“గోడవతల. అంతమ్మ బిడ్డ గాదు. దాని ఏడుపు నాకెరుకే, గట్టిగ ఒకటే తీరుగ ఏడుస్తది. ఇది రెండోది. సన్నగ. జరసేపు ఏడ్చి, ఎవరన్న వింటున్నరా అని ఆగి, మళ్ళ మొదలువెడతడు.”

శాంతమ్మ చెవి పెట్టి విన్నది. గోడ అవతల పసిపిల్ల ఏడుస్తున్న మాట నిజమే. ఒకరో ఇద్దరో ఆమెకు తెలియలేదు.

గడప దగ్గర నిలబడ్డ సుగుణమ్మ అందుకుంది. “అంతమ్మకు ఉన్నది ఒక్క బిడ్డనే. నీ కొడుకు మొయినాబాదుల ఉన్నడు. ఎన్నిసార్లు చెప్పాలె?”

కన్యక చేతిలోని గింజను మెల్లగా కింద పెట్టింది. “అట్లనా అత్తమ్మా. అయితె నా జబ్బు ఇంకా తక్కువ గాలేదు.”

శాంతమ్మ తన పుస్తకం తీసి రాసుకుంది. నిద్ర ఏడు గంటలు. రెండు పూటలా తిన్నది. తల తానే దువ్వుకున్నది. లేని శిశువు ఏడుపు వినిపిస్తున్నదని అంటున్నది.

మధ్యాహ్నం సుగుణమ్మ తన తీర్పు చెప్పింది. “చూసినవు గద శాంతమ్మా. అన్నీ మంచిగైనయంటున్నవు, ఆ ఏడుపు మాట పోలేదు. సోమవారం బస్సుకు ముకుందం ఆమెను పట్నం దవాఖానకు తోలుకపోతడు. పిల్లగానికి తల్లి గావాలె. ముకుందానికి ఇంకో పెండ్లి చెయ్యక తప్పదు.”

“జర ఆగుండ్రమ్మా. నిద్ర వచ్చింది, తిండి వచ్చింది.”

“ఆ ఒక్కటి పోతదని చెప్పు, ఆగుత.”

శాంతమ్మకు తెలియని దాన్ని తెలుసని చెప్పే అలవాటు లేదు. ముకుందం దుకాణంలో ఖాళీ తరాజును అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాడు.

ఆదివారం ప్రార్థనకు శాంతమ్మ మొయినాబాదు బయలుదేరుతుంటే కన్యక చేయి పట్టుకుంది. “మా అమ్మ ఇంటికి పోయి నా కొడుకును చూసి రా అక్కా. దవాఖానకు పోకముందు ఎట్లున్నడో తెలుస్తది.”

ప్రార్థన అయ్యాక శాంతమ్మ శారదాదేవి ఇంటికి వెళ్ళింది. నోరు తెరిచే లోపే శారదాదేవి ఎదురొచ్చి అడిగింది. “మా మనుమడు ఎట్లున్నడు నర్సమ్మా? అంతమ్మ పాలు సరిపోతున్నయా?”

శాంతమ్మ అక్కడే నిలబడిపోయింది. “మిమ్ములను అడుగుదామనే నేనొచ్చిన.”

“నన్నా? నేనింకా వాని ముఖమే చూడలేదు. నన్ను చూస్తె బిడ్డ తల్లడిల్లుతదని వియ్యపురాలు రావద్దన్నది. వెనకింటి అంతమ్మ పాలిస్తున్నది, ఫికర్ చెయ్యకు అని కబురు పంపింది.”

తండ్రి ఇంటికి వచ్చి శాంతమ్మ పుస్తకం తెరిచింది. ‘లేని శిశువు’ అన్న మాటలు తన చేతిరాతలోనే ఉన్నాయి.

సోమవారం బస్సు ఎందుకో వేళకే చేవెళ్ళ చేరింది. గంటసేపు ఆగి తిరిగి పట్నం పోతుంది. శాంతమ్మ దిగి ఇంట్లోకి రాకుండా నేరుగా గుడిసెకు వెళ్ళింది. లోపల రెండు గుడ్డ ఉయ్యాలలు ఊగుతున్నాయి. ఒకదాంట్లో అంతమ్మ బొద్దు బిడ్డ. రెండోదాంట్లో పిడికెడంత పిల్లవాడు, కన్యక ముక్కుతో.

“నన్ననకు అక్కా. ఆ ఇంటి పెద్దమ్మ ఒట్టేయించుకున్నది” అన్నది అంతమ్మ.

ఇంటి అరుగు మీద బట్టల పెట్టె సిద్ధంగా ఉంది. పెట్టె పక్కన కన్యక శుభ్రంగా తల దువ్వుకొని కూర్చుంది. శాంతమ్మ ఆమె భుజం మీద ఒకసారి చేయి వేసి, సుగుణమ్మను, ముకుందాన్ని పెరట్లోకి పిలిచింది.

“అంతమ్మ ఇంటికి పోయి వస్తున్న” అన్నది.

ముకుందం తల దించుకున్నాడు. సుగుణమ్మ దించుకోలేదు. “పోతె పోయినవు. బావి కాడ ఆ పొద్దు నువ్వు లేవు. నేనున్న. ఆమె చేతులల్ల వాడు ఎట్ల వేలాడుతున్నడో నేను చూసిన. దగ్గర్ల ఉన్నడని తెలిస్తె మళ్ళ ఎత్తుకపోతదని దూరం చెప్పిన. ఏం చెయ్యమంటవు నన్ను?”

“ఆ పొద్దు మీరు లేకుంటె ఇద్దరూ మిగలకపోదురు. పిల్లగాన్ని ఎడంగ పెట్టుడు గూడ తప్పు గాదు, నేనైనా అదే చేద్దును. కాని ఇక్కడ లేడని చెప్పకపోదును. మాకు మొదట నేర్పేది అదేనమ్మా. గిట్ల జబ్బు పడ్డోళ్ళకు తమ కండ్ల మీద, తమ చెవుల మీద నమ్మకం పోతది. పక్కనున్నోళ్ళ మాటనే పట్టుకొని తిరిగి రావాలె. ఆ మాట గూడ అబద్ధమైతె ఇంక దేన్ని పట్టుకొని వస్తరు?”

“బాగయ్యేదాక అన్న. అంతనే.”

“ఆమె బాగైంది కాబట్టే రెండో ఏడుపు వేరని గుర్తుపట్టింది. మనమందరం చెవిటోళ్ళమై, వినేటామెను పిచ్చిదన్నం.”

అప్పుడే గోడ అవతల సన్నని ఏడుపు మొదలైంది. కాసేపు ఏడ్చి ఆగింది. మళ్ళీ మొదలైంది.

వెనక వాకిలి దగ్గర అలికిడి అయింది. పెట్టె పక్కన కూర్చున్న కన్యక లేచి వచ్చింది. ఆమె గోడ వైపు చూడలేదు. అత్తగారి వైపు చూసింది.

“అత్తమ్మా, పట్నం పొమ్మంటె పోత. ఒక్క మాట చెప్పు. నీకు వినబడుతున్నదా?”

బజారులో బస్సు హారన్ మోగింది. సుగుణమ్మ కోడలి దగ్గరికి వచ్చింది.

“వినబడుతున్నది బిడ్డా. రోజూ వినబడుతనే ఉన్నది.”

కన్యక గడప మీద కూలబడింది. “అయితె నా చెవులు మంచిగనే ఉన్నయి” అన్నది. ఆ తర్వాతే ఆమెకు ఏడుపు వచ్చింది.

పిల్లవాణ్ణి తేవడానికి సుగుణమ్మ తానే వెళ్ళింది. శాంతమ్మ కన్యకను గోడకు ఆనించి కూర్చోబెట్టి తాను ఒక పక్క కూర్చుంది. రెండో పక్కన సుగుణమ్మ కూర్చొని పిల్లవాణ్ణి కోడలి ఒళ్ళో పెట్టింది.

“నువ్వు గూడ చెయ్యి పెట్టు అత్తమ్మా. నా చేతుల మీద నాకింకా నమ్మకం కుదరలేదు.”

సుగుణమ్మ మచ్చ ఉన్న చేయిని కోడలి చేతుల కింద పెట్టింది. పిల్లవాడు ఏడుపు ఆపి, ఎవరైనా వింటున్నారా అని చూశాడు. ముగ్గురు వింటున్నారు. మళ్ళీ మొదలుపెట్టలేదు.

“ఇంక రెండు నెలలు గిట్లనే” అన్నది శాంతమ్మ. “బిడ్డ ఆమె ఒళ్ళున్నప్పుడు పక్కన ఒకరుండాలె. నిద్ర తగ్గితె నాకు చెప్పాలె. దాచొద్దు.”

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. ముకుందం వెళ్ళి ఎవరూ రావడం లేదని చెప్పి, పెట్టెను ఎత్తి లోపల పెట్టాడు. తల్లిని అడగలేదు. మొయినాబాదుకు, అత్తగారికి రమ్మని కబురు కూడా అదే బస్సులో పంపాడు.

శాంతమ్మ పుస్తకం తీసి, శనివారం రాసిన చివరి మాటను అడ్డంగా కొట్టేసింది. “ఇది నేను తప్పు రాసిన కన్యకా” అన్నది, ఈగను తోలినంత తేలిగ్గా.

సుగుణమ్మ ఆమెనే చూసింది. ఆ మాట అన్నాక ఇంటి కప్పు కూలలేదు. నర్సు ముఖంలో ఏమీ మారలేదు.

“శాంతమ్మా, అట్లంటె ఏం గాదా?”

“ఏం గాదమ్మా. జర తేలికైతది.”

అలవాటు కొద్దీ సుగుణమ్మ చూపు, నింద మోపడానికి ఏదైనా దొరుకుతుందేమోనని పెరడంతా వెతికింది. బావి, గోడ, అంతమ్మ, ముకుందం. ఏదీ సరిపోలేదు. ఆమె కోడలి వైపు తిరిగింది.

“కన్యకా, నేను నీతోని అబద్ధం చెప్పిన. భయపడి చెప్పిన, అయినా అబద్ధమే. తప్పు నాదే.”