ఓడ చివరి వరస

ఆ పార్కులో ఏదైనా ఎక్కొచ్చు — ఓడ చివరి వరస తప్ప.

ఈ మాట ఏ బోర్డు మీదా ఉండేది కాదు. టికెట్టు వెనకా ఉండేది కాదు. కానీ గేటు దగ్గర బుడగలమ్మే ఆయన నుంచి బాత్రూములు కడిగే ఆవిడ దాకా అందరికీ తెలుసు.

పెద్ద ఇనప ఓడ. రెండు స్తంభాల మధ్య ఉయ్యాలలా వేలాడుతుంది. ముందుకి ఊగితే ముక్కు ఆకాశంలోకి, వెనక్కి ఊగితే తోక ఆకాశంలోకి. ఆ తోక దగ్గరే చివరి వరస. ఓడ మొత్తంలో అన్నిటికన్నా ఎత్తుకి లేచేది అదే, కేకలు ఎక్కువ వినపడేదీ అక్కణ్ణించే.

ఒక పిల్ల పడిపోయిందీ అక్కణ్ణించే.

ఓడ పైకి లేచి, ఇక కిందికి జారబోయే ఆ క్షణంలో... ఒళ్ళోకి దించుకునే అడ్డకమ్మీ దానంతటదే పైకి లేచిపోయిందట. పసుపు గౌను వేసుకున్న పిల్ల. పక్కన కూర్చున్న వాళ్ళన్నయ్య చేతిలో గౌను అంచు మాత్రం మిగిలిందంటారు. నిజమో, జనం కలిపిందో తెలీదు. పిల్ల పోయిన మాట మాత్రం నిజం.

తర్వాత ఏం చేశారు? ఓడకి కొత్త రంగు వేశారు. కొత్త పేరు పెట్టారు. చివరి వరసకి తాడు కట్టారు. ఓడ మళ్ళీ ఊగింది, జనం మళ్ళీ కేకలు పెట్టారు.

అప్పట్నించే మొదలైందట.

రాత్రి పార్కు మూసేటప్పుడు ఓడ దగ్గర పనిచేసేవాళ్ళు చివరి వరస కమ్మీని కిందికి దించి, దాని మీద అరచెయ్యి ఆనించి, "ఇక పడుకో తల్లీ" అని వెళ్ళేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టిన అలవాటో ఎవరికీ గుర్తులేదు. కొత్తగా చేరినవాళ్ళకి పనితోపాటు అదీ నేర్పేవాళ్ళు.

పొద్దున్నే వచ్చి చూస్తే — కమ్మీ పైకి లేచి ఉండేది.

అంతకన్నా ఒళ్ళు జలదరించేది ఇంకోటి. ఓడ నడిపేవాళ్ళు కూర్చునే అద్దాల గదిలో ఒక మీటల పెట్టె. దాని మీద వరసకో దీపం. కమ్మీ దిగి కొక్కెం పడితే పచ్చ. పడకపోతే ఎరుపు. ఏ ఒక్క వరస ఎర్రగా ఉన్నా ఓడ కదలదు. కానీ చివరి వరస దీపం మాత్రం... కమ్మీ దించినా, లేపినా, ఎప్పుడూ పచ్చగానే వెలిగేది.

"కమ్మీ లేచుంటే ఎర్రగా కదా ఉండాలి?" అని అడిగేవాళ్ళు కొత్తవాళ్ళు.

"మనకి కనపడే కమ్మీ వేరు," అనేవాళ్ళు పాతవాళ్ళు, గొంతు తగ్గించి. "ఆ పిల్ల దించుకున్న కమ్మీ వేరు."

అంతే. ఇంకెవరూ అడిగేవాళ్ళు కారు.

ఇదంతా నాకు చెప్పింది మా పిన్ని. ఆ ఓడ నడిపింది తనే.

అప్పుడు నేను బళ్ళో చదువుకుంటున్నా. మా పిన్ని ఓడ నడుపుతుందని క్లాసులో నాకున్న గర్వం అంతా ఇంతా కాదు. మా బడివాళ్ళు విహారయాత్రకి ఆ పార్కుకే తీసుకెళ్తారని తెలిసిన రోజు, "ఓడ చివరి వరస నాది. నాతో ఎవరు కూర్చుంటారో ఇప్పుడే చెప్పండి" అని ప్రకటించేశాను. ఇంటికొచ్చి పిన్నికి ఫోను చేసి మరీ చెప్పా.

"ఆ వరసకి తాడుంది," అంది పిన్ని.

"విప్పెయ్."

"మధ్యలో కూర్చోవే. మధ్యలోనే బావుంటుంది."

"మధ్యలో ముసలాళ్ళు కూర్చుంటారు పిన్నీ."

నవ్వలేదు. ఫోను అమ్మకిమ్మంది.

మేం వెళ్ళేముందు రోజు సాయంత్రం మేనేజరు ఓడ దగ్గరికొచ్చాడట. ఎప్పుడూ చల్లగా మాట్లాడే మనిషి. కోపం వచ్చినా గొంతు లేవదు.

"రేపు బడి పిల్లలు వస్తున్నారమ్మా. మొత్తం ఓడ నిండాలి. ఆ తాడు విప్పించు."

పిన్ని చివరి వరస చూపించింది. "సార్, ఆ కమ్మీ నిలవట్లేదు. రాత్రి దించితే పొద్దున్నకి లేచి ఉంటోంది."

"మీరంతా కలిసి దెయ్యం కథలు చెప్పుకుంటే కమ్మీలేం ఖర్మ, స్తంభాలే లేచి నడుస్తాయి." మేనేజరు అద్దంలోంచి మీటల పెట్టె చూపించాడు. "అదుగో. పచ్చగా ఉందా లేదా?"

"ఉంది సార్."

"పచ్చగా ఉంటే కొక్కెం పడినట్టే. మనుషులు అబద్ధమాడతారు గానీ దీపం ఆడుతుందా అమ్మా?"

వెళ్ళిపోయాడు. పిన్ని ఆ దీపాన్నే చూస్తూ నిలబడిపోయింది. అన్నాళ్ళూ ఆ పచ్చరంగు చూసి ఆ పిల్లకి భయపడింది. మొదటిసారి — ఆ మేనేజర్ని చూసి భయమేసిందట.

దెయ్యం కూర్చుంది కాబట్టి పచ్చ అని పనివాళ్ళు అనుకుంటున్నారు. పచ్చగా ఉంది కాబట్టి దెయ్యం లేదని మేనేజరు అంటున్నాడు. కమ్మీ మాత్రం లేచే ఉంది. మరి ఆ దీపం దేన్ని చూసి వెలుగుతున్నట్టు?

ఆ రాత్రి పార్కు మూశాక పిన్ని ఇంటికి వెళ్ళలేదు.

గేటు కాపలా తాతకి ఏదో మర్చిపోయానని చెప్పి వెనక్కి వచ్చింది. పాటలు ఆగిపోయాక పార్కు వేరేగా ఉంటుందంటుంది పిన్ని. కొయ్య గుర్రాలు నోళ్ళు తెరుచుకుని, పరుగు మధ్యలో ఆగిపోయి... పగలంతా కేకలు విన్న చోటు కదా, రాత్రి ఆ నిశ్శబ్దం చెవుల్ని నొక్కుతుందట.

గాలి లేదు. ఓడ కదలట్లేదు. చివరి వరస కమ్మీ మాత్రం లేచి ఉంది — గంట కిందటే తన చేత్తో దించింది.

పిన్ని అద్దాల గదిలోకి వెళ్ళి తాళంచెవి తిప్పింది. దీపాలు వెలిగాయి. అన్ని వరసల కమ్మీలూ లేచి ఉన్నాయి కాబట్టి అన్నీ ఎరుపే. చివరిది ఒక్కటే... పచ్చ.

పెట్టె కింద తలుపు తీసింది. లోపల తీగలు. బూజు, దుమ్ము, ఏళ్ళనాటి మట్టి. ఆ దుమ్ములో — శుభ్రంగా, కొత్తగా, ఒక పొట్టి ఎర్ర తీగ. ఆ కొస ఒక మరమేకుకి, ఈ కొస ఇంకో మరమేకుకి మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి ఉంది.

పిన్ని దాన్ని పట్టుకుని లాగింది.

పచ్చ దీపం ఆరిపోయింది. ఎర్రది వెలిగింది.

దెయ్యం కాదు. మనిషి. మాటిమాటికీ కమ్మీ లేచి ఓడ ఆగిపోతోందని, జనం గొణుగుతున్నారని, కమ్మీ బాగుచేయించకుండా దీపానికి అబద్ధం నేర్పించారు. ఆ అబద్ధానికి అడ్డుగా ఒక చచ్చిపోయిన పిల్లని కూర్చోబెట్టారు. దెయ్యం ఉందంటే ఎవరూ పెట్టె తెరవరు కదా. దెయ్యం మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. పిల్లని ఒకసారి చంపింది చాలక, తమ తప్పుకి కాపలా కూడా పెట్టుకున్నారు.

పిన్నికి నవ్వొచ్చిందట. ఆ చీకట్లో ఒక్కతే నిలబడి గట్టిగా నవ్విందట. ఎన్నాళ్ళు ఒక తీగ ముక్కకి "పడుకో తల్లీ" అని చెప్పాం అని.

నవ్వు ఆగాక ఇంకో ఆలోచన వచ్చింది. తీగ తీసేశా, సరే. కానీ కొక్కెం సంగతేంటి? నిజంగానే నిలవట్లేదా? రేపు ఆ సీట్లో కూర్చునేది అక్క కూతురు.

ఓడ ఎక్కింది. తాడు కింద నుంచి దూరి చివరి వరసలో కూర్చుంది. కమ్మీ ఒళ్ళోకి లాక్కుంది.

టక్.

అద్దాల గది వైపు చూసింది. పచ్చ.

ఊపిరి పీల్చుకుంది. కొక్కెం పడుతోంది. ఒక నిమిషం... బానే ఉంది. అనవసరంగా కంగారు పడ్డానా అనుకుంది. ఈ తీగ సంగతి మేనేజరుని అడిగితే ఉద్యోగం పోతుంది. కమ్మీ బావుంటే మాట్లాడకుండా ఊరుకోవచ్చేమో —

టక్.

కమ్మీ కొద్దిగా లేచింది. గదిలో దీపం ఎర్రబడింది.

పిన్ని కిందికి నొక్కింది. టక్. పచ్చ. చెయ్యి తీసేలోపే టక్... ఎరుపు. ఈసారి రెండు చేతులతో కమ్మీని బిగించి పట్టుకుని, ఒంట్లో బలమంతా పెట్టి దాని మీదికి వంగింది.

"ఎవరు... ఎవరది?"

గాలి లేదు. పక్క సీటు ఖాళీ.

"రేపు..." అని గొణిగింది. ఎవరితో మాట్లాడుతోందో తనకే తెలీదు. "రేపు ఇక్కడ మా పిల్ల కూర్చుంటుంది."

ఆ తర్వాత జరిగింది పిన్ని ఎప్పుడూ పూర్తిగా చెప్పేది కాదు. కమ్మీ పైకి లేచింది, నేను దిగి పరిగెత్తా... అంతే అనేది.

మర్నాడు సంగతి నేను చెప్తాను. నేనక్కడే ఉన్నా కదా.

మేం తోసుకుంటూ ఎక్కాం. తాడు లేదు. అనుకున్నట్టే చివరి వరసలో కూర్చున్నా. పిన్ని అద్దాల గదిలోంచి నన్ను చూసింది, నేను చెయ్యి ఊపితే తిరిగి ఊపలేదు. కమ్మీలు దించారు. గంట మోగింది. ఓడ కదల్లేదు.

మళ్ళీ దించారు. మళ్ళీ గంట. కదల్లేదు. మా ఒళ్ళో కమ్మీ దించినప్పుడల్లా పైకి వస్తోంది. మాకు నవ్వే నవ్వు. మేనేజరు వచ్చాడు, వెనకాలే కరెంటు పనాయన. ఆయన పెట్టె కింద తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, నెమ్మదిగా తలెత్తి పిన్ని మొహంలోకి చూశాడు.

పిన్ని బయటికొచ్చింది. అరవలేదు. మా టీచరు దగ్గరికి నడిచి గుప్పిట విప్పింది. అందులో ఎర్ర తీగ.

"ఇది దేనికో సార్‌ని అడగండి మేడమ్. పిల్లల్ని ఎక్కించే ముందే అడగండి."

మేనేజరు అప్పుడూ చల్లగానే మాట్లాడాడు. "ఈవిడకి ఒంట్లో బాలేదండీ. ఈ ఓడలో దెయ్యం ఉందని నమ్ముతుంది."

"నమ్ముతాను," అంది పిన్ని. "అబద్ధం చెప్పింది మాత్రం ఆ పిల్ల కాదు."

టీచరు తీగ వైపు చూసింది, మా వైపు చూసింది. "దిగండి," అంది. "అందరూ. ఇప్పుడే."

అందరికన్నా ఆఖర్న దిగింది నేనే. కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చా. దారి పొడుగునా పిన్నిని తిట్టుకున్నా.

పిన్ని ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. కానీ టీచరు ఊరుకునే రకం కాదు. అధికారులు వచ్చారు, కొక్కెం విప్పించారు, లోపలి పన్ను అరిగి నున్నగా అయిపోయిందని తేల్చారు. ఓడని ముక్కలుగా కోసి లారీల్లో పట్టుకెళ్ళారు. మేనేజరు ఇంకో పార్కులో చేరాడని విన్నా. అలాంటివాళ్ళ ఉద్యోగాలు మాత్రం పోవెందుకో.

పిన్ని ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో లిఫ్టు నడుపుతోంది. "నిన్ను నమ్మి మళ్ళీ ఎత్తుకి లేచే పనే ఇచ్చారా?" అని మా అమ్మ ఏడిపిస్తుంది.

మొన్న సెలవుల్లో వెళ్ళినప్పుడు ఆ రాత్రి సంగతి మళ్ళీ వచ్చింది. పిన్ని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నాకు వాదనంటే తిండి అక్కర్లేదు కదా, మొదలుపెట్టా.

"పిన్నీ, అందులో దెయ్యం ఎక్కడుంది చెప్పు. పచ్చ దీపానికి కారణం తీగ. కమ్మీ లేవడానికి కారణం కొక్కెం. అరిగిపోయిన పన్ను కాసేపు పట్టుకుంటుంది, జారుతుంది. కమ్మీని పైకి తోయడానికి కింద స్ప్రింగు ఉంటుంది. గట్టి స్ప్రింగు. నువ్వు నొక్కితే అది తోసింది. అయిపోయింది."

"అంతేనంటావా?"

"అంతే. కావాలంటే కాదని నిరూపించు."

పిన్ని మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది.

"మంచం పట్టె పట్టుకో," అంది. "గట్టిగా. ఎవరొచ్చినా వదలకూడదన్నట్టు పట్టుకో."

పట్టుకున్నా.

పిన్ని నా పక్కకి వచ్చి కూర్చుంది. నా చేతి మీదికి వంగింది. పట్టె మీద బిగుసుకున్న నా చిటికెన వేలి కిందికి తన వేలి కొసని మెల్లగా దూర్చి... పైకి లేపింది. తర్వాత దాని పక్క వేలు. తర్వాత మధ్య వేలు. పసిపిల్లలు పెద్దవాళ్ళ గుప్పిట్లో ఏముందో చూడ్డానికి విప్పుతారే... అలా. ఓపిగ్గా. ఒక్కోటీ.

"స్ప్రింగు కమ్మీని లేపుతుందే," అంది పిన్ని, గొంతు తగ్గించి. "ముందు నా వేళ్ళని ఇలా విప్పిందెవరు?"