వలయంలో ఖాళీ

మూడువేల ఏళ్లుగా ఎవరూ కదపని కప్పురాయిని ఎత్తి చూస్తే, దాని కింద సమాధిలో ఉన్న పుర్రె దవడపన్నుకి వెండిరంగు ఫిల్లింగ్ ఉంది.

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. మబ్బుతునక లేని ఆకాశం ఉరిమింది... పట్టపగలు గుడ్లగూబ కూసింది. శిలావలయంలో తవ్వేవాళ్ల పారలు ఆగిపోయాయి.

"అప్పట్లోనూ పళ్ల డాక్టర్లు ఉండేవాళ్లన్నమాట," అన్నాడు ఫొటోగ్రాఫరు.

తవ్వకంలో దొరికినవాటికి బొమ్మలు గీసేది అతని భార్యే. ఆమె నాలుకతో తన దవడపన్ను తడుముకుంది.

"ఏమండీ, అది నా పన్ను. అంచు విరిగిన తీరు కూడా అదే."

వలయంలో ఒక రాయి లేనిచోట ఆమె నిలబడి ఉంది. ఫొటోలో రాళ్ల ఎత్తు తెలియాలంటే పక్కన మనిషి ఉండాలి. తవ్వకాల పెద్ద రోజూ ఆమెనే అక్కడ నిలబెట్టేవాడు. ఆయన ఆమెకు స్వయానా బాబాయి.

ఆమె అడుగు తీయబోయింది. పాదం రాలేదు.

చీలమండల నుంచి బూడిదరంగు పైకి పాకింది. బండమీద బండ ఒరుసుకున్నట్టు ఆమె గొంతులోంచి ఏదో ఘోరమంత్రం వెలువడింది... మట్టిగట్టు మీద నిలబడ్డ బాబాయి పెదవులూ అదే మంత్రం పలుకుతున్నాయి! ఆయన గుప్పిట్లో నెత్తురు పూసిన ఆమె జుట్టుపాయ ఉంది.

భర్త ఆమె నడుం పట్టి లాగాడు. కూలీలు కప్పురాయి లేపిన మోకు వేసి లాగారు. మోకు తెగింది. ఆమె కళ్లు మాత్రం అతనివైపే చూస్తున్నాయి... కాసేపటికి అవీ రాయయ్యాయి.

బాబాయి తేలిగ్గా ఊపిరి వదిలాడు. మరుక్షణం ఆయన కాళ్ల కింద గట్టు కుంగింది. మట్టిపొరలు చూపడానికి తవ్వకుండా వదిలేసిన గట్టు అది. కూలిన మట్టిలో, ఒకప్పుడు మరో రాయి నాటిన గుంత నోరు తెరిచి ఉంది. ఆయన మోకాళ్లదాకా దిగబడ్డాడు. తనకు తెలిసిన మంత్రాలన్నీ చదివాడు. వలయం వినలేదు. జేబులో ఫోను మోగితే చెవికి ఆనించుకున్నాడు, విన్నాడు, జారవిడిచాడు.

భర్త ఆయన కాలరు పట్టుకున్నాడు. అప్పటికే ఆ మెడ బండలా చల్లగా ఉంది.

"నేనే, అల్లుడూ," అన్నాడు బాబాయి. "డాక్టర్లు చేతులెత్తేశాక నా కూతురి ప్రాణం ఈ రాళ్లని అడిగాను. మా నెత్తురే కావాలన్నాయి. ఎవరిని తీసుకోబోతాయో వాళ్ల పుర్రెని ముందే సమాధిలో చూపిస్తాయివి. కొలత కోసమని చెప్పి నీ భార్యని ఆ ఖాళీలో నిలబెట్టాను. ఫొటోలు నీ చేతే తీయించాను. ఖాళీ ఒక్కటే అనుకున్నా, గట్టు కింద చూసుకోలేదు. ఇప్పుడు మీ అత్తయ్యే ఫోను చేసింది. పిల్ల లేచి కూర్చుని మంచినీళ్లు అడిగిందట. నన్ను నరికినా సరే... మళ్లీ అడిగితే, మళ్లీ నీ భార్యనే నిలబెడతాను."