అత్తగారి గోడ పక్కన సాధకం

ఉదయం ఐదు కొట్టేసరికి సరోజ చాప వేసుకుని కూర్చుంది. హాల్లో కాదు, దేవుడి గదిలో కాదు, అత్తగారు బుజ్జమ్మ మంచం ఉన్న గదికి సరిగ్గా గోడ ఇవతల. వీణ ఒళ్లోకి తీసుకుని సరళీ వరసలు మొదలుపెట్టింది. నాలుగు నెలలుగా ఇదే తంతు. జ్వరం వచ్చినా మానలేదు. మామిడి కోతలు మొదలై రోజూ ముప్పైమంది కూలీలకు టిఫిన్లు వండాల్సి వస్తున్నా మానలేదు.

హాస్టల్ నుంచి వేసవి సెలవులకు వచ్చిన కూతురు యోగితకు ఇది వింతగా ఉంది. పట్టుబట్టి గిటార్ కొనిపించుకుని పది రోజుల్లో అటకెక్కించిన పిల్ల అది. ప్రాక్టీస్ చేయమని గుర్తుచేసే యాప్‌లు మూడు పెట్టుకుని మూడూ తీసేసింది.

"రోజూ ఎలా కూర్చోగలుగుతున్నావమ్మా? నీ మోటివేషన్ ఏంటో నాకూ చెప్పు."

"మీ నానమ్మ," అంది సరోజ.

యోగిత దాన్ని ప్రేమ అనుకుంది, పాపం.

అసలు సంగతి ఇరవై నాలుగేళ్ల కిందటిది. సరోజ కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ల నాన్న నూజివీడులో దగ్గరుండి పనస కర్రతో చేయించిన వీణ ఇచ్చి పంపాడు. సాయంత్రాలు ఆమె వాయిస్తుంటే, తోట నుంచి వచ్చిన భర్త రామచంద్రరావు అన్నం సంగతి మరిచి ఎదురుగా కూర్చునేవాడు. ఆ మొదటి వేసవిలో సరోజ పుట్టింటికి వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చేసరికి వీణ గదిలో లేదు. మామిడికాయలు మాగబెట్టే రేకుల గదిలో, వరిగడ్డి మధ్య, చిన్నరసాల పక్కన పడి ఉంది.

వీణకు మెట్లను మైనం మీద నిలబెడతారు. మే నెల రేకుల వేడికి, గడ్డిలో మాగుతున్న కాయల ఉక్కకు ఆ మైనం కరిగి ఇరవై నాలుగు మెట్లూ జారిపోయాయి. ఇల్లు ఇరుకుగా ఉంది, ఎక్కడ పెట్టించాలో తోచలేదంది బుజ్జమ్మ. ఆరు గదుల ఇల్లు అది. రామచంద్రరావు తల్లిని ఒక్క మాట అనలేదు. బాగు చేయిద్దామని ప్రతి ఏడూ అనేవాడు, ప్రతి ఏడూ ఏదో ఒక పని అడ్డొచ్చేది. కొన్నాళ్లకు సరోజ అడగడం మానేసింది. మరిచిపోలేదు.

మొన్న చలికాలంలో బుజ్జమ్మ బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మంచం దిగే ఓపిక లేదు. స్నానం, మందులు, మెత్తటి అన్నం, అన్నీ సరోజే చూస్తోంది. వంక పెట్టడానికి లేకుండా చూస్తోంది. ఆ వారంలోనే వీణను ఆటోలో నూజివీడు తీసుకెళ్లి కొత్త మైనం వేయించి, మెట్లు కట్టించి తెచ్చింది. అత్తగారు ఇప్పుడు ఎక్కడికి తప్పించుకుపోతుందో చూస్తాననుకుంది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ ముసలావిడ తన నోటితో ఆపమని బతిమాలాలి. అప్పుడు నిలదీసి అడగాలి, ఆ వీణను ఆ గదిలో ఎందుకు పెట్టించారని. మొదటి నెల తీగలు కీచుమన్నాయి, వేళ్లు కోసుకుపోయాయి. అటు పక్క దగ్గు వినిపిస్తే సరోజ ఇంకాస్త గట్టిగా మీటేది. చిక్కేమిటంటే, కక్షతో వాయించినా రోజూ వాయిస్తే చెయ్యి తిరుగుతుంది. మూడో నెలకే స్వరాలు ఒప్పుగా పలకడం మొదలైంది. సరోజకు అది కాస్త ఇబ్బందిగానే తోచింది.

ఆ ఉదయం రామచంద్రరావు ఇక పట్టలేక లేచి వచ్చాడు. అమ్మకు నిద్ర ఉండటం లేదనీ, హాల్లో వాయించుకుంటే ఏం పోయిందనీ విసుక్కున్నాడు.

"ఆవిడని చెప్పమనండి. ఒక్క మాట అంటే ఆపేస్తాను," అంటూ సరోజ విసవిసా అత్తగారి గదిలోకి నడిచింది. వెనకాలే తండ్రీ కూతుళ్లు వచ్చారు.

"చెప్పండత్తయ్యా. ఆపనా?"

బుజ్జమ్మ పైకప్పు వంక చూస్తూ అంది.

"ఆపమనే మొహం నాకు లేదు సరోజా. మైనం కరుగుతుందని నాకు తెలుసు. వేడి తగలనివ్వొద్దని మీ నాన్న నాకే చెప్పి వెళ్లాడు. తెలిసే పెట్టించాను. అన్నానికి పిలిస్తే నా కొడుకు లేచి రాలేదు. కడుపు మండిపోయింది."

రామచంద్రరావు తల దించుకున్నాడు. సరోజ దగ్గర ఇరవై నాలుగేళ్లుగా నూరి పెట్టుకున్న మాటలున్నాయి. వాటిని పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపి తెచ్చి, ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చింది.

మర్నాడు ఐదింటికి మామూలుగానే మెలకువ వచ్చింది. చాప వేసింది, శ్రుతి చేసుకుంది. చెయ్యి లేవలేదు. ఎవరి మీద వాయించాలి? కోపం ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అది లేకుండా తను ఈ వీణ ముందు కూర్చోలేకపోతుందేమోనని మొదటిసారి భయం వేసింది. ఐదుంబావు అయింది.

"సరోజా, లేచావా?" గోడ అవతల నుంచి బుజ్జమ్మ గొంతు.

"లేచానత్తయ్యా."

"మరి వాయించట్లేదేం?"

"ఎందుకు వాయించాలో తెలియట్లేదండీ."



"నా మీద కోపంతో నాలుగు నెలలు కూర్చున్నావు," అంది బుజ్జమ్మ. "ఆ కోపం పోయిందని ఇవాళ మానేశావంటే, నీ వీణని రెండోసారీ నేనే పాడు చేసినట్టమ్మా."

సరోజకు దుఃఖం తన్నుకొచ్చింది. వీణ మీదికి వంగి, ఇరవై నాలుగేళ్ల క్రితం ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. తర్వాత తడి వేళ్లు కొంగుకు తుడుచుకుని, పెళ్లికి ముందు నేర్చుకుంటూ సగంలో ఆపేసిన వర్ణం అందుకుంది. రెండు చోట్ల తప్పింది. మళ్లీ మొదటి నుంచి వాయించింది.