ఎర్ర తువ్వాలు, రెండేళ్ళ ప్లాను

పొద్దున్నే బల్ల మీద రెండు కొత్త ఫోన్లు కనిపించేసరికి గడియారాల మేస్త్రి ముఖం మాడిపోయింది.

"ఇవేంటి?"

"ఫోన్లు. మీకొకటి, నాకొకటి," అంది భార్య, టీ గ్లాసు ఠక్కున పెడుతూ.

"ఎవడిచ్చాడు ఊరికే?"

"ప్లాన్ తీసుకుంటే ఫోను ఊరికే ఇస్తారు నాన్నా," అని కూతురు అందుకుంది. బస్సు డ్రైవరు ఆమె. డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగింది. "రెండేళ్ళు నెలనెలా కడితే చాలు."

"మధ్యలో వద్దనుకుంటే?"

కూతురు నీళ్ళు నమిలింది. "అప్పుడు జరిమానా కట్టాలి."

"అదీ సంగతి! ఊరికే ఇచ్చి మెడకు ఉరి బిగిస్తాడన్నమాట. మాట్లాడినా మాట్లాడకపోయినా వాణ్ణి మేపాలి. రోడ్డుకు ఇటు ఇల్లు, అటు కొట్టు. నాకూ నా పెళ్ళానికీ మధ్య వాడెవడు? మనకు తువ్వాలు లేదా?"

తువ్వాలంటే ఆ ఇంటి సొంత ఏర్పాటు. బాల్కనీ కమ్మీకి తెల్ల తువ్వాలు కడితే భోజనం సిద్ధమని. ఎర్రది కడితే చేతిలో పని పడేసి పరుగున రమ్మని. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. బిల్లు రాని ఫోనంటూ మేస్త్రి వీధంతా గొప్పలు పోయేవాడు.

తువ్వాలు మాట చెవిన పడగానే భార్యకు ఒళ్ళు మండిపోయింది. కిందటి వారం వంటింట్లో ఉన్నట్టుండి కళ్ళు తిరిగి, గుండె పట్టేసినట్టయి కూలబడింది. పాక్కుంటూ బాల్కనీలోకి వెళ్ళి ఎర్ర తువ్వాలు కట్టి, గోడకు ఆనుకుని కమ్మీల సందులోంచి చూసింది. కొట్లో ఆయన తలెత్తాడు. నేరుగా తువ్వాలు వైపే చూశాడు. మళ్ళీ తల వంచుకుని పనిలో పడ్డాడు. కాసేపటికి ఆమెకు నొప్పి సర్దుకుంది. ఆయన తీరిగ్గా వచ్చి, భోజనమేదని విసుక్కున్నాడు. ఆమె పెదవి విప్పలేదు. మర్నాడే కూతుర్ని వెంటేసుకుని వెళ్ళి ప్లానుకు సంతకం పెట్టేసింది.

"వెనక్కి ఇచ్చెయ్," అన్నాడు మేస్త్రి.

"ఇవ్వను."

"ఈ ఇంట్లో నా మాటకు విలువ లేదా?"

"నా ప్రాణానికి ఉందా మీ దగ్గర?"

"మతి పోయిందా నీకు? నువ్వు పిలిస్తే ఎప్పుడు రాలేదే నేను?"

అంతే, కట్ట తెగింది. ఆ రోజు జరిగిందంతా ఏకరువు పెట్టింది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాతో కూడా అనలేదేం!"

"నువ్వుండవే! చూశారు. నా కళ్ళారా చూశాను మీరు చూడటం. చచ్చినా పర్లేదనేగా తల దించుకున్నారు?"

"అది... ఎర్రదా?" అన్నాడాయన. "తెల్లదనుకున్నానే. చేతిలో పని ముగించుకుని వద్దామని..."

"అబ్బో! ఎంత చక్కటి సాకు!" ఆయన చెయ్యి పట్టి బాల్కనీలోకి ఈడ్చుకెళ్ళింది. "చెప్పండి, మీ కొట్టు ముందు ఎవరున్నారు?"

ఆయన కళ్ళు చిట్లించాడు. "ఎవరూ లేరు."

గోడ గడియారం చంకన పెట్టుకుని ఒకావిడ కొట్టు మెట్టు మీదే నిలబడి ఉంది. తల్లీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గడియారం పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది నాన్నా," అంది కూతురు.

"దగ్గరివి బాగానే కనిపిస్తాయి. దూరానివన్నీ అలికేసినట్టుంటాయి," అన్నాడాయన నెమ్మదిగా. "మేస్త్రికి కళ్ళు పోతున్నాయని తెలిస్తే నా కొట్టు గడప ఎవరు తొక్కుతారే? ఏదో గుడ్డ వేలాడుతోందని తెలుస్తుంది. వేళను బట్టి రంగు ఊహించుకుంటున్నా."

"ఎంత మనిషండీ మీరు! కట్టుకున్నదానికి కూడా దాస్తారా?"

"నువ్వు దాయలేదూ?"

ఆ మాట సూటిగా తగిలింది. వారం రోజులుగా లోపల కుళ్ళిపోయిందే తప్ప ఒక్కసారి నిలదీసి అడగలేదు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఆయన్ని నాలుగు తిట్టింది.

"చాలించండిక," అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. "నేను సెలవు చెప్పేస్తున్నా. ఇద్దర్నీ ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్తాను. తయారవ్వండి."

"ఆవిడ గడియారం తీసుకుని, కొట్టు మూసొస్తా," అని సణుగుతూ మేస్త్రి ఫోను జేబులో పడేసుకుని మెట్లు దిగాడు.

ఆయన రోడ్డు దాటి కొట్లోకి వెళ్ళేదాకా ఆమె బాల్కనీలోనే నిలబడి, ఫోను కలిపింది. జేబు తడుముకుంటూ ఆయన చాలాసేపు తంటాలు పడ్డాడు.

"ఏంటే? ఇప్పుడేగా వచ్చాను!"

"ఎత్తుతారో లేదో చూద్దామని."

"ఎత్తాను. సంబరమేనా? పెట్టెయ్ ఇంక."

"మాట్లాడినా మాట్లాడకపోయినా వాణ్ణి మేపాల్సిందేగా. మాట్లాడండి."

ఆయన తలెత్తి ఇంటి వైపు చూశాడు. "అవునూ, ఫోను చేస్తూ మళ్ళీ తువ్వాలెందుకు కట్టావు?"

ఆమె కమ్మీ వైపు చూసింది. దాని మీద ఏమీ లేదు.

"కట్టలేదండీ. రెండూ లోపలే ఉన్నాయి."

"మరి అక్కడ ఏదో కనిపిస్తోందే?"

ఆమె కమ్మీని గట్టిగా పట్టుకుంది.

"నేనేనండీ," అంది.